బావ బిగించిన బోల్టులు

మా వాకిట్లోకి జీపు వచ్చిన రోజు మా ఆవిడ ఒక్కటే మాట అంది. "గొడ్ల దవాఖాన నౌకరి అయిపాయె, ఇగ ఇంట్ల సుకముంటది అనుకున్న. గొడ్డు ఎన్కనే నడ్సుకుంట ఇంటికొచ్చింది."

నడుచుకుంటూ ఏమీ రాలేదు. గూడూరు నుంచి జనగామ దాకా ట్రాక్టరు వెనక తాడు కట్టించుకొని ఈడ్పించుకుంటూ వచ్చింది. స్టీరింగు పట్టుకొని అందులో కూర్చున్నది మా బావ. అడుగున రేకు లేదు. కాళ్లు ఇనుప పట్టీ మీద పెట్టుకొని, తన కిందుగా పరుగెత్తే రోడ్డును చూసుకుంటూ అంత దూరం వచ్చాడు. దిగేసరికి మనిషి మొత్తం దుమ్ము, పళ్లు మాత్రమే తెల్లగా ఉన్నాయి. "బామ్మర్దీ, బండి మస్తు నడ్సింది" అన్నాడు.

నా సర్వీసంతా పశువుల దవాఖానల్లో కాంపౌండరుగా గడిచింది. పడిపోయిన బర్రెలను లేపడం నా పని. లేవవని తెలిసిన వాటిని చూసి "లేస్తది తియ్యి" అని రైతుకు చెప్పడం కూడా నా పనే. ఆ జీపును చూడగానే నాకు ఆ రెండో పనే గుర్తొచ్చింది.

బావ అంటే మా అక్క భర్త. గూడూరు దాటాక అడవి అంచున ఉన్న ఊరిలో వ్యవసాయం. పడుచు వయసులో, పెళ్లికి ముందే, ఎవరో వాడి వదిలేసిన ఆ జీపు కొన్నాడు. అక్కను అప్పగించిన రోజు అందులోనే తీసుకుపోయాడు. పెళ్లికూతురి వెంట తమ్ముడు పోవాలి కాబట్టి నేను వెనక వేలాడుతూ పోయాను. ఊరి ముందు వాగు దాటాక బండి బురదలో దిగబడింది. బావ పట్టుపంచె పైకి ఎగ్గట్టి, పెద్ద గేరు రాడ్ పక్కనున్న రెండు చిన్న రాడ్లను వెనక్కి లాగాడు. నాలుగు చక్రాలూ ఒక్కసారే మట్టిని తవ్వి ఆ బురదంతా మా మీద కుమ్మరించాయి. ముందు సీట్లో బాసికంతో కూర్చున్న అక్క ముఖం మీద పసుపు ఏదో బురద ఏదో తెలియలేదు. గడప దగ్గర అత్తగారు హారతి పళ్లెం పట్టుకొని, "లచ్చిందేవిని తెమ్మంటే నాటు వేసేదాన్ని తెచ్చినవురా" అని కొడుకును తిట్టింది. అక్క నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ నవ్వు నేను చూశాను కాబట్టి ఏడవకుండా మా ఊరికి తిరిగి వచ్చాను. అప్పుడు నాకు మీసాలు కూడా రాలేదు.

తర్వాత బావ ఒకసారి సర్పంచిగా నిలబడ్డాడు. ఆ జీపులో తిరిగి తిరిగి ఓడిపోయాడు. ఓటమి బాధ ఆయన కన్నా జీపుకే ఎక్కువ తగిలిందేమో, ఆ తర్వాత అది స్టార్ట్ కాలేదు. కొట్టంలో గడ్డిమోపుల పక్కన పడి ఉంది. కోళ్లు అందులో గుడ్లు పెట్టేవి. పెళ్లయిన చాలా ఏళ్లకు, లేకలేక పుట్టిన బిడ్డకు పెళ్లి చేసి భూపాలపల్లికి పంపాక, చేతిలో పని తగ్గాక, ఆయన కళ్లు దాని మీద పడ్డాయి. నేను రిటైరయ్యానని తెలిసి ఫోన్ చేశాడు. "నువ్వు గొడ్లకు పురుడు పోసినోనివి. గీ ముసలి గొడ్డును లేపుదాం రా."

నా ఇంటి ముందు జాగా ఉంది, కరెంటు ఉంది, జనగామలో సామాను దొరుకుతుంది. అలా అది మా వాకిట్లో నాలుగు దిమ్మల మీదకి ఎక్కింది. ఆదివారం వచ్చిందంటే బావ బస్సు దిగి వచ్చేవాడు. వచ్చేటప్పుడు కందులో, మిరపకాయలో, పెసర్లో, ఏదో ఒక మూట మా ఆవిడ చేతికి లంచం ఇచ్చి వాకిట్లోకి దిగేవాడు. సాయంత్రం దాకా ఇద్దరం తిట్టుకుంటూ పని చేసేవాళ్లం. నేను ప్రతి బోల్టునూ డీజిల్‌లో కడిగి గుడ్డ మీద వరుసగా పెడితే ఆయన వాటి మీద చాయ్ గ్లాసు పెట్టేవాడు. నేను మెల్లగా అంటే ఆయన గట్టిగా అనేవాడు. నేను గట్టిగా అరిస్తే, "బావమరిది బతకగోరుతడు, దాయాది సావగోరుతడు అంటరు. నువ్వు గా రెండిట్ల ఏందిరా?" అని నవ్వేవాడు.

ఒక ఆదివారం ముందు సీటు తెచ్చాడు. డ్రైవరు పక్కన కూర్చునే సీటు. దాని మీది ఆకుపచ్చ రెగ్జిన్ చిరిగిన చోటల్లా అక్క ఎప్పుడో దబ్బనంతో కుట్టిన కుట్లు ఉన్నాయి. లోపల కొబ్బరిపీచు మాత్రం కొత్తది పెట్టించాడు. రెండు పెద్ద బోల్టులతో దాన్ని బిగించాడు. పానాకు పైపు తొడిగి, కాలు తన్నిపెట్టి, మెడ నరాలు ఉబ్బేలా బిగించాడు.

"థ్రెడ్ పోతది బావా. ఇగ సాలు" అన్నాను.

"మీ అక్క కూసునే సీటు. ఊగొద్దు" అన్నాడు. "ఎండకాలం ఎల్లిపోయేసరికి దీంట్లనే తోల్కొస్త మీ అక్కను. తల్లిగారింటికి జీపుల దిగుతది. మీ ఆడకట్టోళ్లందరు బయిటికొచ్చి సూడాలె."

ఆ ఎండకాలం మధ్యలోనే ఒక పొద్దున చాయ్ తాగుతూ గ్లాసు కింద పెట్టబోయి పక్కకు ఒరిగిపోయాడు. వరంగల్ దవాఖానకు తీసుకుపోయే దారిలోనే అయిపోయింది.

నేను వెళ్లాను. పాడె మోశాను. ఎక్కడ ఏ కర్ర దొరుకుతుంది, ఎవరికి ఫోన్ చేయాలి, వచ్చిన వాళ్లకు మంచినీళ్లు ఎవరు ఇస్తున్నారు, అన్నీ చూసుకున్నాను. "ధైర్యం గల్లోడు" అన్నారు నా గురించి. ధైర్యం కాదది. కొమ్ము కోసే ముందు ఎద్దుకు మేం తిమ్మిరి సూది ఇస్తాం. రంపం పెట్టి కోస్తుంటే అది నెమరు వేస్తూ నిలబడి మన ముఖం చూస్తుంది. నా సంగతి అచ్చం అట్లాగే ఉంది. నాకు ఏమీ తెలియలేదు. ఆకలి వేసింది, తిన్నాను. ఎండ కొట్టింది, నీడకు జరిగాను.

బావ బిడ్డ అప్పటికి రెండో కాన్పుకు కడుపుతో ఉంది. కడుపుతో ఉన్నవాళ్లు శవాన్ని చూడకూడదని ఆ పిల్లను భూపాలపల్లి నుంచి రానివ్వలేదు. తండ్రి ముఖం చూడలేదు. ఫోన్లో ఆ పిల్ల ఏడుపు ఎవరో స్పీకరు పెట్టి అక్కకు వినిపించారు. అదెందుకు చేశారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

పదో రోజు తల్లిగారి తరఫున చీర నేనే తీసుకుపోయాను. మా అమ్మా నాయినా లేరు, తల్లిగారిల్లు అంటే ఇప్పుడు నా ఇల్లే. మా వైపు ఒక పద్ధతి ఉంది. దినాలు అయ్యాక ఇంటి మనిషిని పోగొట్టుకున్న ఆడమనిషిని తల్లిగారు వచ్చి తమ ఇంటికి తీసుకుపోయి, అన్నం పెట్టి, ఒక నిద్ర చేయించి పంపాలి. ఆ నిద్ర అయ్యేదాకా ఆమె మరే ఇంటి గడపా తొక్కకూడదు. కన్నబిడ్డ ఇల్లయినా సరే.

"ఎల్లుండి కారు మాట్లాడుకొస్త అక్కా" అన్నాను.

అక్క గోడకు ఆనుకొని కూర్చుంది. చేతులు బోసిగా ఉన్నాయి. తల ఎత్తకుండానే చెప్పింది. "ఆయన జీపుల తోల్కపోత అన్నడు తమ్మీ. జీపుల్నే వస్త."

"అది ఇంక నడుస్తలేదక్కా."

"నడ్సినప్పుడే రా."

పక్కనున్న పెద్దవాళ్లు గోల పెట్టారు. ఇంకో ఇంటి కడప తొక్కరాదు, పెండ్లిళ్లున్నయి, పేరంటాలున్నయి, బిడ్డ నీళ్లాడేటట్టుంది, ఎట్లనే అన్నారు. "తొక్కను" అంది అక్క. మా అక్క మాటలు తక్కువ, పట్టు ఎక్కువ. కుందేలుకు మూడే కాళ్లంటే ఇక మూడే.

అలా ఆ జీపు తయారయ్యే దాకా మా అక్క ఇంట్లోనే ఉండిపోయింది. ఆమె బిడ్డ భూపాలపల్లిలో నెలలు లెక్కపెట్టుకుంటూ ఉండిపోయింది. మధ్యలో నేను, నా చేతిలో పానా.

పని చేశాను. పొద్దున లేచి చాయ్ తాగి వాకిట్లోకి పోవడం, ఎండ నడినెత్తికి వస్తే లోపలికి రావడం, తిని మళ్లీ పోవడం. కార్బురేటరు విప్పి కడిగాను. బ్రేకు పైపులు కొత్తవి వేశాను. కమాన్ పట్టీలు మార్పించాను. తుప్పు గీకాను. తుప్పు గీకడం లాంటి మంచి పని ఇంకోటి లేదు, మనిషి ఏమీ ఆలోచించనక్కర్లేదు, అవతల వాళ్లు పలకరిస్తే చప్పుడులో వినపడలేదని అనొచ్చు. ఆదివారం నాడు మాత్రం బస్సులు వచ్చే వేళకు గేటు వైపు చూసేవాణ్ని. చూసి, మళ్లీ గీకేవాణ్ని. బాధ ఉందా అంటే లేదు. అలవాటు, అంతే.

ఇంజను ఒకనాడు స్టార్ట్ అయింది. హ్యాండిల్ పెట్టి తిప్పుతుంటే నా భుజం పీకే ముందే అందుకుంది. పొగ కొట్టి, దగ్గి, సర్దుకుంది. మా ఆవిడ పిండి చేతులతో బయటికి ఉరికి వచ్చింది. "సప్పుడొచ్చిందిగదా! గట్లనే నిలబడ్డరేంది?" అంది. ఈ చప్పుడు కోసం ఇద్దరం ఎన్ని ఆదివారాలు తిట్టుకున్నామో. ఇప్పుడు అది వచ్చింది. నాకు సంతోషం రాలేదు, దుఃఖమూ రాలేదు. పెట్రోలు పైపు దగ్గర చుక్క కారుతోందని చూసి, ఆపేసి, క్లిప్పు బిగించాను.

ఇంజను ఉన్నా ఆ రెండు చిన్న రాడ్లు ఉత్తవే. వాటి కింది గేర్ల డబ్బాలో ముందు చక్రాలకు బలం పంపే పళ్లు ఎప్పుడో విరిగిపోయాయి. ఆ బలం లేకున్నా వెనక చక్రాలతో రోడ్డు మీద నడుస్తుంది. కానీ బావ మొదటి రోజే చెప్పాడు, "గది లేకుంటే గిది జీపెట్లయితది? పెద్ద ఆటో అయితది" అని. అలాంటి డబ్బా భూపాలపల్లిలో పాత ఇనుప సామాను దుకాణంలో ఒకటి ఉందని తెలిసి వెళ్లాను. దొరికింది. దాన్ని ట్రాలీ ఆటోలో వేయించి, దారిలో మేనకోడలి ఇంటి ముందు ఆపాను.

నాకు పట్టింపు లేదు కాబట్టి గడప దాటి లోపలికి పోయాను. పిల్ల మంచం పట్టె పట్టుకొని లేచింది. కడుపు నిండుగా ఉంది. ముఖం మాత్రం పీక్కుపోయింది.

"మామా, అమ్మెప్పుడొస్తది?"

"బండి అయిపోతున్నది బిడ్డా."

"బాపు మొఖం సూడనియ్యలేదు. అమ్మనన్న పట్టుకోని ఏడుస్త అంటే అమ్మ రాకపాయె. నేను పోతనంటే నెలలు నిండినయి కదులొద్దు అంటున్నరు. నువ్వు జర జల్ది చెయ్యి మామా."

ఏడ్చింది. నేను ఫ్యాను వంక చూస్తూ కూర్చున్నాను. ఒక రెక్క కొంచెం వంగి ఉంది, అందుకే టకటకమంటోంది. "అయితది తియ్యి" అన్నాను. లేవని బర్రెల ముందు అన్న గొంతుతోనే అన్నానని నాకు తెలిసింది. ఆ పిల్లకు తెలిసిందో లేదో. తల మీద చేయి పెట్టాలనుకున్నాను. చేతులకు గ్రీజు ఉందని పెట్టలేదు.

డబ్బా బిగించాక రంగు పని మిగిలింది. రంగులు వేసే ఆయన వచ్చి, సీట్లన్నీ విప్పితేనే అడుగు శుభ్రంగా వస్తుందన్నాడు. డ్రైవరు సీటు వచ్చింది, వెనక బల్లలు వచ్చాయి. ముందు సీటు మాత్రం రాలేదు. బావ బిగించిన రెండు బోల్టులు. నూనె పోసి ఒక పూట వదిలేశాను. పానాకు పైపు తొడిగి లాగాను. సుత్తితో కొట్టాను. పానా జారి వేళ్లు రేకుకు కోసుకుపోయాయి.

"సచ్చి గూడ సతాయిస్తవా బావా!" అని అరిచాను. వాడకట్టు మొత్తం వినేలా అరిచాను. రంగుల ఆయన డబ్బా కింద పెట్టి నా వంక చూశాడు. చేతి మీద నుంచి రక్తం కారుతోంది. ఎర్రగా ఉందని చూశాను, నొప్పి మాత్రం లేదు.

మా ఆవిడ పసుపు అద్ది గుడ్డ కట్టింది. కడుతూ, "ఒక్కపారి ఏడ్వరాదుండ్రి" అంది.

"బోల్టు రాకుంటే ఏడుస్తరా ఎవరన్న?"

"బోల్టు గురించి నేనంటలేను" అంది. నేను వినిపించుకోలేదు. సీటుకు కాగితం చుట్టి, ఉన్న చోటనే ఉంచి, చుట్టూ రంగు వేయించాను. బండి మొత్తంలో అదొక్కటే పాతదిగా మిగిలింది. నాకు కంటిలో నలుసులాగా ఉంది.

రంగు ఆరుతున్న రోజుల్లోనే మేనకోడలు ప్రసవించింది. ఆడపిల్ల. అక్క ఫోన్లో చూసింది. నేను ఫోన్ చేస్తే, "సూసిన తమ్మీ. ఫోన్ల కడప లేదు గదా" అంది. నవ్విందనుకున్నాను, కాదు. "ఆయన ముక్కే వచ్చింది. బిడ్డ నన్ను రమ్మని ఏడుస్తున్నది. బండి అయిందా?"

"అయింది. రేపే వస్తున్న."

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. ఆ పొద్దున జీపును చూస్తే నాకే కళ్లు చెదిరాయి. ఆకుపచ్చ రంగు, ముందుకు మడిచే అద్దం, కొత్త టాపు, కొత్త టైర్లు. మా ఆవిడ పసుపు కుంకుమ పళ్లెంతో వచ్చింది. ఇంత చేసి పూజ లేకుండా రోడ్డెక్కిస్తారా ఎవరైనా? కొబ్బరికాయ కొట్టాం. బంతిపూల దండ వేశాం. నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టాం. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాను. కొత్త బండికి ఏమేం చేస్తారో అన్నీ చేశాం. అక్క వచ్చేసరికి వండిపెట్టాలని మా ఆవిడ ఇంట్లో ఉండిపోయింది. నేను ఒక్కణ్నే బయలుదేరాను.

రాత్రి వాన పడి, దారంతా పొలాల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి. బండి బాగా నడిచింది. గూడూరు దాటి ఊళ్లోకి మళ్లి, బావ ఇంటి ముందు ఆపి హారన్ కొట్టాను.

అక్క చేతిసంచి పట్టుకొని సిద్ధంగా ఉంది. గడప దాటి రెండడుగులు వేసి ఆగిపోయింది. దండ చూసింది. నిమ్మకాయలు చూసింది. బానెట్ మీద కుంకుమ బొట్టు చూసింది. సంచి కింద పెట్టింది.

"పూజ చేసినవా?"

"చేసినం."

"ఎవలన్న ఎక్కిన్రా?"

"ఎవలెక్కుతరు? నీకోసమే తెచ్చిన."

"తెలివున్నదా నీకు?" అంది. ఆమె గొంతు లేవడం నేను చాలా ఏళ్లుగా వినలేదు. "పూజ చేసిన కొత్త బండ్ల ముందుగాల్ల నన్ను కూసుండవెడ్తవా? బొట్టు తీసినదాన్ని? నువ్వు తోలే బండి. నీకేమన్నయితే? ఒకపారి అయింది సాల్లేదా నాకు?"

"నాకు గసొంటి పట్టింపుల్లేవు."

"నీకు లేవు. నాకున్నయి."

"ఇది కొత్త బండి గాదక్కా. గిది మన బండే."

"మన బండికి గింత మెరుగెక్కడిది? గిది నాకెర్కలేదు." లోపలికి తిరిగింది.

ఆమెకు చూపించాలనే నేను దాన్ని అద్దంలా తయారు చేశాను. ఆ మెరుపే ఆమెకు అడ్డం పడింది. అక్కడ భూపాలపల్లిలో పచ్చి బాలింత తల్లి కోసం ఏడుస్తోంది. ఇక్కడ తల్లి సంచి సర్దుకొని కూడా గడప దగ్గర నిలబడి ఉంది. మధ్యలో ఆ దండా, నిమ్మకాయలూ. అన్ని నెలల తర్వాత నాలో కదిలిన మొదటిది కోపమే. బాగా కోపం వచ్చింది. అక్క మీద కాదు. బావ మీద కూడా కాదు. ఎవరి మీదనో తెలియని కోపం.

జీపెక్కి వెనక్కి తిప్పాను. ఇంటి వెనకే బావ పొలం. కౌలుకు తీసుకున్న ఆయన దున్ని నీళ్లు పెట్టి, నాటుకు కరిగెట చేసి ఉంచాడు. మోకాలి లోతు బురద. ఒడ్డు మీద ఉన్న ఆయన "అయ్యయ్యో, దిగవడ్తది, దిగవడ్తది" అని చేతులు ఊపుతూనే ఉన్నాడు. నేను బండిని ఒడ్డు మీద నుంచి కరిగెట్లోకి దింపాను.

సగం మడికి పోయేసరికి కూరుకుపోయింది. చక్రాలు తిరుగుతున్నాయి, బండి కదలడం లేదు. అప్పుడు పెళ్లినాటి బావలాగే రెండు చిన్న రాడ్లనూ పట్టుకొని వెనక్కి లాగాను. భూపాలపల్లి గేర్లు కరకరమని కలుసుకున్నాయి. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత నాలుగు చక్రాలూ ఒకేసారి మట్టిని పట్టాయి. బురద లేచి అద్దం మీద పడింది, టాపు మీద పడింది, నా నోట్లో పడింది. బండి చూడి బర్రెలా ఊగుతూ, మూలుగుతూ, మడి అంతా ఒక చుట్టు తిరిగి అవతలి ఒడ్డు ఎక్కింది. దండ ఎక్కడ పోయిందో తెలియదు. నిమ్మకాయలు పోయాయి. బొట్టు పోయింది.

అదే ఊపులో వచ్చి గడప ముందు ఆపాను. ముఖం తుడుచుకోలేదు.

"గిప్పుడు సెప్పు. గిది కొత్తదా పాతదా?"

అక్క నన్ను చూసింది, బండిని చూసింది. ఆకుపచ్చ రంగు వేలెడు కూడా కనపడటం లేదు. కొంగు తెచ్చి నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అనుకున్నాను. నవ్వుతోంది.

"ఓరి నీ పాడుగాను. మా అత్త ఉంటే ఏమనేది?"

"నాటు వేసేదాన్ని తెచ్చినవురా అనేది."

నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. బండి చుట్టూ ఒకసారి తిరిగింది. లోపలికి తొంగిచూసి, ఆ ముందు సీటు మీద చేయి పెట్టింది. తాను కుట్టిన కుట్లను వేళ్లతో తడిమింది. "గిది గదే" అంది. సంచి వెనక పడేసి, చువ్వ పట్టుకొని ఎక్కి కూర్చుంది.

నర్సంపేట దాకా కొంచెం మాట్లాడింది. పంటల గురించి, కౌలు గురించి. తర్వాత, "ఆయన పోయినకాన్నుంచి కన్నంటుత లేదు తమ్మీ" అంది. వరంగల్ దాటాక చూస్తే తల ఒక పక్కకు వాలిపోయింది. నోరు కొంచెం తెరుచుకొని, చిన్నపిల్లలాగా నిద్రపోతోంది. తలుపుల్లేని బండి. ఘనపూర్ అవతల రోడ్డు మీద గుంట చూసుకోలేదు. బండి ఎగిరిపడింది. పడిపోతుందేమోనని ఎడమ చేయి చాచి సీటు అంచు గట్టిగా పట్టుకున్నాను.

సీటు ఊగలేదు. ఇసుమంతైనా కదల్లేదు. నా వేళ్ల కింద బోల్టు తల తగిలింది. సుత్తితో నేను కొట్టిన దెబ్బలకు దాని అంచు నలిగి ఉంది.

తిమ్మిరి సూది మత్తు ఎప్పుడు దిగిపోతుందో ఎద్దుకు ముందుగా తెలియదు. రఘునాథపల్లి దగ్గర బండి పక్కకు ఆపాను. స్టీరింగు మీద తల పెట్టుకొని ఏడ్చాను. గట్టిగానే ఏడ్చాను, లారీల చప్పుడులో ఎవరికీ వినపడదని తెలుసు. బావ కావాలి నాకు. ఆదివారం నాడు గేటు తీసుకొని వచ్చి, నా బోల్టుల మీద చాయ్ గ్లాసు పెట్టే మనిషి కావాలి. అక్క లేవలేదు. వేళ్ల మీది పాత గాయం అప్పుడు నొప్పి పెట్టింది.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. మా ఆవిడ చెంబుతో నీళ్లు పట్టుకొని వచ్చి, బండిని చూసి నోరు వెళ్లబెట్టింది. అక్కను లేపబోతే వద్దన్నాను.

"ఇంట్ల సాప పరిసిన. ఇంట్ల పంటేనే గదా నిద్ర? బండ్ల పంటే ఎట్ల లెక్క?"

"వాకిలి మనది గాదా? పండనీ."

నా ఎర్రటి కళ్లు చూసి చెంబు పక్కన పెట్టింది. అరుగు మీద ఇద్దరం కూర్చున్నాం. ఇంట్లో దీపం పెట్టే వేళకు అక్క కళ్లు తెరిచింది. ఎక్కడుందో కాసేపు తెలియలేదు. తర్వాత వదినా మరదళ్లు ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు. అక్క నీళ్లు తాగి, కాళ్లు కడుక్కొని, నా వైపు తిరిగింది.

"నా నిద్రయింది. పొద్దుగాల బిడ్డకాడికి తోల్కపో."

పొద్దున ప్రయాణం కదా, బురద ఎండితే పోదని బకెట్టు నింపి గుడ్డ తీసుకున్నాను. గడప మీద నుంచి అక్క కేకేసింది.

"కడగకు తమ్మీ. కడిగితే మల్ల కొత్తదైతది."

బకెట్టు కింద పెట్టాను.